సేవకుడు గారి కుర్చీ

జూన్ 2, ఆదివారం

సండే స్కూల్ టీచర్ డెలివరీకి వెళ్ళింది. ఆ క్లాసు నా నెత్తిన పడింది. పాస్టర్ గారు అడిగారు, కాదనలేకపోయాను. నిజం చెప్పాలంటే కాదనాలని అనిపించనూ లేదు. హాస్పిటల్ లాండ్రీలో ఇరవై రెండు మందిని నడుపుతున్నాను, పదకొండు మంది పిల్లలు ఒక లెక్కా అనుకున్నాను.

క్లాసంటే స్టేజీ వెనక స్టోర్ రూము. ఒకదాంట్లో ఒకటి దూర్చి పెట్టిన ప్లాస్టిక్ కుర్చీలు, పాత కీబోర్డు, స్క్రూ బిగుసుకుపోయి కిందికి దిగని మైకు స్టాండు. మధ్యలో చాప. పిల్లలందరికీ ఎనిమిది నుంచి పదకొండేళ్ళ లోపే. అందరికంటే చిన్నదాన్ని బటానీ అంటారు, అలాగే ఉంటుంది గుండ్రంగా. ఇంకా కూడబలుక్కుని చదువుతుంది. అందరికంటే నోరున్నది మా అమ్మాయి. పదేళ్ళు. ఇంట్లో దాన్ని లాయరు అంటాం. ఊరికే అనలేదు.

ఈరోజు పాఠం: నాయకుడంటే సేవకుడు. మీలో ఎవరు సేవకుడు అవుతారని అడిగాను. పదకొండు చేతులూ లేచాయి. బటానీ రెండు చేతులూ ఎత్తింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొదటి రోజే ఇంత సాధించానా అని పొంగిపోయాను.

సేవకుడైతే ఏం చేస్తారో చెప్పమన్నాను. పెద్ద కుర్చీలో కూర్చుంటామన్నారు. మేం రాగానే అందరూ లేచి నిలబడతారన్నారు. మా బ్యాగు ఇంకొకరు మోస్తారన్నారు. అందరికంటే ముందు మేమే భోంచేస్తాం, మా ప్లేటు వేరే ఉంటుందని మా లాయరు ముగించింది.

తల పట్టుకున్నాను. పిల్లల తప్పేముంది? మా సంఘంలో సేవకుడు గారంటే పాస్టర్ గారే. పుట్టినప్పటి నుంచి ఆ మాటని వాళ్ళు కుర్చీతో సహా విన్నారు.

జూన్ 3, సోమవారం, టీ బ్రేక్

ఆ మాటకి అసలు అర్థం ఏమిటో వాళ్ళ బుర్రలకి ఎక్కించకుండా వదిలితే నా పేరు మార్చుకుంటాను.

జూన్ 9, ఆదివారం

ప్లాన్ దొరికింది. గోడకి చార్టు అంటించాను. ఎవరికైనా సాయం చేస్తే ఒక స్టార్. లైన్లో చివర నిలబడితే ఒక స్టార్. జూలై 14 పిల్లల ఆదివారం. ఆ రోజు ఆరాధన అంతా పిల్లలదే. ఎక్కువ స్టార్లు వచ్చినవాళ్ళు మైకు ముందు నిలబడి బైబిల్ వాక్యం చదువుతారు, స్టేజీ మీద కుర్చీలో కూర్చుంటారు.

మా లాయరు అప్పుడే చార్టు దగ్గరికి వెళ్ళి తన పేరు ఎక్కడుందో చూసుకుంది. దాని కళ్ళు మెరిశాయి. ఆ మైకు ముందు దాన్ని నేను ఊహించుకోలేదంటే అబద్ధం. ఏ గౌను వేయాలో కూడా అనుకున్నాను.

జూన్ 16, ఆదివారం

పరువు పోయింది.

క్లాసు మొదలయ్యేసరికి నేలంతా నీళ్ళు. తుడిచి స్టార్ తెచ్చుకుందామని ఒకడు బాటిల్ ఒంపాడు. ఇంకొకడు అప్పటికే గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళు నావి, గుడ్డ నీదా అని వాళ్ళిద్దరూ జుట్టు జుట్టు పట్టుకున్నారు. హాల్లో చేతికర్ర పట్టుకుని ప్రశాంతంగా కూర్చున్న ఒక మామ్మగారిని నలుగురు లేపి బాత్రూమ్ దాకా నడిపించారు. ఆవిడ అక్కడ నిలబడి, నేను రావాలనుకోలేదమ్మా అన్నారు.

తర్వాత బిస్కెట్ల లైను. చివర నిలబడితే స్టార్ కదా. ముందున్నవాడు వెనక్కి పరిగెత్తాడు. అప్పుడు ముందు నిలబడ్డవాడు వాడి వెనక్కి పరిగెత్తాడు. లైను అలా వెనక్కీ వెనక్కీ జరిగి హాలు దాటి, మెట్లు దిగి, గేటు దాకా పోయింది. బిస్కెట్ల ప్లేటు పట్టుకుని నేనొక్కదాన్నే ఇటు మిగిలాను.

జూన్ 17, సోమవారం

మా లాయరుకి ముప్పై ఒక్క స్టార్లు. ఒక్క గ్లాసు కడిగి, అంట్లు తోమానని రాసి సంతకం పెట్టమంది. మా అత్తయ్య నవ్వు ఆపుకోలేక, అచ్చం తల్లి పోలికే అన్నారు. అందులో నవ్వడానికి ఏముందో నాకు అర్థం కాలేదు.

జూన్ 23, ఆదివారం

చార్టు చింపేశాను. ముగ్గురు ఏడ్చారు. మా లాయరు ఏడవలేదు, వాదించింది. ముప్పై ఒకటి సంపాదించాక రూల్ మార్చడం అన్యాయమంది. జూలై 14న ఎవరు చదవాలో వచ్చే వారం చీటీలు వేసి తేలుస్తానన్నాను.

ఆ రోజు చదివే వాక్యంలో సేవ గురించి ఉన్న రెండు మాటలు పిల్లలకి పలక మీద రాసి చూపించాను. చేయించుకొనుట. చేయుట. మొదటిది ఎంత పొడుగుందో చూడండి, రెండోది ఎంత పొట్టిదో చూడండి అన్నాను. సేవకుడంటే రెండోది. పిల్లలు తలూపారు. మా లాయరు ఊపలేదు. అలాగైతే పాస్టర్ గారు మొదటిది కదా అంది.  తప్పించుకోవడానికి, వెళ్ళి ఆయన్నే అడుగు అనేశాను.

అది అడిగింది. భోజనాల దగ్గర, వందమంది ముందు. సేవకుడు గారూ, మీకు అందరికంటే ముందు ఎందుకు పెడతారు అని. సంఘ పెద్దలు నా వైపు చూసిన చూపుకి అక్కడే భూమిలోకి పోదును. పాస్టర్ గారు చేతిలోని ప్లేటు వైపు చూశారు. ప్లేటు దానంతటదే చేతిలోకి వచ్చేదమ్మా, నేనెప్పుడూ చూసుకోలేదు అన్నారు. చివరికి తినకుండానే కింద పెట్టేశారు.

ఇంటికి వచ్చాక దాన్ని తిట్టడానికి నోరు తెరిచాను. పంపింది నేనే అని గుర్తొచ్చి మూసుకున్నాను.

జూన్ 29, శనివారం

అత్తయ్యని మా ఆయన కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. లాయరుని నాతో లాండ్రీకి తీసుకెళ్ళాల్సి వచ్చింది. మూల స్టూలు మీద కూర్చోబెట్టి హోంవర్క్ చేసుకోమన్నాను. చేసుకుంటే కదా.

మా హాల్లో పెద్ద వేడి రోలరు ఉంటుంది. ఇటు ఇద్దరు తడి దుప్పటి అంచులు పట్టి లోపలికి అందిస్తారు, అటు ఇద్దరు అందుకుని మడుస్తారు. ఎనిమిది గంటలూ నిలబడే పని. నా కుర్చీ అద్దాల కిటికీ పక్కన, ఫ్యాను కింద. తిరిగే కుర్చీ. పదకొండున్నరకి టీ వచ్చింది. ఫ్లాస్కు ముందు నా దగ్గరికి వచ్చింది, నా కప్పు వేరే. మిగతావాళ్ళు పేపర్ కప్పులతో నిలబడే తాగారు. ఒకామె మడత వంకరగా వేస్తే కూర్చున్న చోటు నుంచే చిటికె వేసి చూపించాను. ఆమె విప్పి మళ్ళీ వేసింది. రోజూ జరిగేదే.

బస్సులో లాయరు అడిగింది. అమ్మా, ఇక్కడ సేవకుడు గారు నువ్వేనా అని.

వెక్కిరింపు కాదు. అది నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. కాదని చెప్పడానికి నాకు ఒక్క కారణం దొరకలేదు. సిగ్గుతో ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను.

జూన్ 30, ఆదివారం

చీటీ బటానీకి వచ్చింది. చదవడం సరిగ్గా రానిదానికి మైకా అని లాయరు నిలదీసింది. వాక్యం లాయరుకి కంఠతా వచ్చు, నిద్రలో లేపినా చెప్తుంది. అదంతా నాకు తెలుసు. చీటీ చీటీయే అన్నాను. అయితే నేను పద్నాలుగున రాను అంది. నేను మాట మార్చలేదు.

భోజనాల దగ్గర పాస్టర్ గారు వెళ్ళి లైను చివర నిలబడ్డారు. ఆయన కంటే ముందు తినడానికి పెద్దలకి మనసొప్పలేదు, వెళ్ళి ఆయన వెనక నిలబడ్డారు. ఆయన వాళ్ళ వెనక్కి వెళ్ళారు. వాళ్ళు మళ్ళీ ఆయన వెనక్కి. గేటు దాకా పోయారు. భోజనం చల్లారిపోయింది. నేను నవ్వు ఆపుకోలేక స్టోర్ రూములోకి పారిపోయాను. చివరికి ఆయన గరిటె తీసుకుని వడ్డన మొదలుపెడితే గానీ లైను కదల్లేదు.

జూలై 1, సోమవారం

రోలరు దగ్గర నిలబడ్డాను. రోజుకి ఒక గంట. ఏదైతే అదవుతుంది.

జూలై 2, మంగళవారం

రోలరు మీద అందరికంటే సీనియర్‌ని మేమంతా పెద్దక్క అంటాం. ఆమె నన్ను పక్కకి లాగి, ఎవరి ఉద్యోగం పోతోందో ముందే చెప్పమని అడిగింది. ఎవరిదీ కాదన్నాను. నమ్మలేదు. ఇంకొకామె నాకు డిమోషన్ వచ్చిందని అనుకుని ఓదార్చింది. మేనేజర్ ఫోన్ చేసి ఒంట్లో బాగానే ఉందా అన్నాడు.

దానికి తోడు నాకు పని రాదు. నేను ఇక్కడికి రిజిస్టరు రాయడానికి వచ్చి సూపర్‌వైజర్‌ని అయినదాన్ని. పదకొండేళ్ళుగా మడతలు బాగాలేవని అందరికీ చెప్తున్నాను. ఈరోజు నేను వేసిన మడతని పెద్దక్క చూసింది. విప్పి మళ్ళీ వేసింది.

జూలై 4, గురువారం

వేలు కాలింది. అంచు వేళ్ళతో కాదు, అరచేతులతో పట్టాలని పెద్దక్క చూపించింది. నాకు కోపం వచ్చింది. ఆమె చెప్పింది కరెక్ట్ కాబట్టి ఇంకా వచ్చింది. రేపు కూడా నిలబడతాను.

జూలై 10, బుధవారం

లాయరు పది రోజులుగా నాతో అవసరానికే మాట్లాడుతోంది. ఈరోజు సాయంత్రం నా చేతుల మీద బొబ్బలు చూసింది. ఆయింట్‌మెంట్ తెచ్చి రాసింది. రాస్తూ అడిగింది, ఎలా కాలిందని. చెప్పాను.

నీకు మడవడం రాదా అని పడీ పడీ నవ్వింది. నేర్పుతాను రా అన్నాను. అత్తయ్య మంచం మీది దుప్పటి లాగి ఆ చివర అది, ఈ చివర నేను. అత్తయ్య కుర్చీలో కూర్చుని ఇద్దరికీ వంకలు పెట్టారు. మూడోసారికే అది నాకంటే బాగా వేసింది.

దుప్పటి చేతిలో పట్టుకునే నన్ను క్రాస్ ఎగ్జామిన్ చేసింది. నీకెవరైనా స్టార్ ఇచ్చారా? లేదన్నాను. వాళ్ళు సంతోషపడ్డారా? లేదు, అనుమానపడుతున్నారన్నాను. మరి ఎందుకు చేస్తున్నావు? బస్సులో నువ్వు అడిగావు కాబట్టి అన్నాను.

లాయరు తన చివర అంచులు సరిచేసుకుని, ఇంకోసారి మడుద్దాం అంది.

జూలై 13, శనివారం

రేపు వస్తావా అని అడగాలని పదిసార్లు నోటిదాకా వచ్చింది. రమ్మని హుకుం జారీ చేస్తే వస్తుంది, నాకు తెలుసు. అలా వస్తే నెలన్నర పాఠం గంగలో కలిపినట్టే. అడగలేదు.

జూలై 14, ఆదివారం, మధ్యాహ్నం

పొద్దున నేను బయల్దేరేటప్పుడు అది దుప్పటి ముసుగు తీయలేదు. ఒక్కదాన్నే వెళ్ళాను. 

పిల్లలు కుర్చీలు వేశారు, మామ్మగారిని ముందుగా అడిగి మరీ నడిపించారు. వాక్యం చదివే టైమ్‌కి బటానీ స్టేజీ ఎక్కింది. మైకు దాని తలకి ఒక జానెడు పైన ఉంది. స్టాండు సంగతి నేను మర్చేపోయాను. ఒకాయన వచ్చి స్క్రూతో కుస్తీ పట్టాడు, దిగలేదు. వెనక ఎవరో నవ్వారు. బటానీ గడ్డం వణకడం మొదలైంది. నేను లేవబోయాను.

అప్పటికే హాలు వెనక నుంచి ఒక మనిషి నడిచి వస్తోంది. ఇంట్లో బట్టలు, దువ్వని జుట్టు. అత్తయ్య చెయ్యి పట్టుకుని ఎప్పుడు వచ్చి కూర్చుందో. మా లాయరు స్టేజీ ఎక్కి, మైకుని స్టాండు నుంచి ఊడదీసి, బటానీ నోటి దగ్గర పట్టుకుంది. జనానికి దాని ముఖం కనపడలేదు, బటానీ వైపు తిరిగింది.

బటానీ కూడబలుక్కుంటూ చదివింది. నాలుగు నిమిషాల వాక్యానికి పదకొండు నిమిషాలు పట్టింది. మధ్యలో 'చేయించుకొనుటకు' దగ్గర ఆగిపోయింది. చే, చేయి, చేయించు, మళ్ళీ మొదటికి.  ఆ మాట లాయరు నాలుక చివరే ఉంది. అందించవచ్చు. అందించినా ఎవరూ తప్పు పట్టరు, మెచ్చుకుంటారు కూడా. అది పెదాలు రెండూ లోపలికి మడుచుకుని గట్టిగా మూసుకుంది. మైకు పట్టుకున్న చెయ్యి లాగుతుంటే ఇంకో చేత్తో మోచెయ్యి పట్టుకుంది. ఎదురు చూసింది.

బటానీకి ఆ మాట వచ్చింది. ఆ తర్వాతి 'చేయుటకు' గబుక్కున వచ్చేసింది.

నేను ఏడ్చాను. దాచుకోలేదు. స్టేజీ మీద కుర్చీలో బటానీ కూర్చుంది, కాళ్ళు నేలకి అందక ఊపుకుంటూ. మా లాయరు మైకు స్టాండుకి తగిలించి, దిగి వచ్చి, చెయ్యి నొప్పి పుడుతోందని నాతో దెబ్బలాడింది.

జూలై 20, శనివారం

ఈరోజు లంచ్ టైమ్‌లో లాయరు నా టిఫిన్ బాక్సు తీసుకుని లాండ్రీకి వచ్చింది. నేను రోలరు దగ్గర ఉన్నాను. గేటు దగ్గర గార్డు ఎవరి కోసం అని అడిగాడట. సేవకుడు గారి కోసం అందట. అలాంటివాళ్ళు ఇక్కడ ఎవరూ పనిచేయరని వెనక్కి పంపబోయాడట.