బామ్మ అత్తగారి పేరు

వీణా, పప్పు కుక్కర్లో ఉంది. వేడిచేసి బామ్మకి పెట్టి నువ్వూ తిను. నేను మళ్ళీ లైబ్రరీకి వెళ్తున్నాను. రేపు తర్పణంలో పంతులుగారు బామ్మ అత్తగారి పేరు అడుగుతారు. అది తాతగారికొక్కరికే తెలుసు, ఆయన పోయారు. ఆన్‌లైన్‌లో దొరికిన పాత ఓటర్ల జాబితాలో ఆవిడ 'సోమయాజులు భార్య', అంతే. ఏళ్ళ తరబడి ఆవిడతో ఒకే వంటింట్లో ఉన్న బామ్మేమో, "అత్తయ్యగారనేదాన్ని, పేరుతో నాకేం పని?" అంటోంది. ఇవాళా ఉత్త చేతులతోనే వస్తాను, నాకు తెలుసు. నిన్న నువ్వు హిందీలో "ఛోడో నా, పాపా" అని వదిలెయ్యమన్నావు చూడు, అది గుచ్చుకుంది.

నాన్న

ఇంకోమాట. బామ్మ పేరేమిటో ఈ చీటీ వెనక రాయి. రాయలేకపోతే గదిలోకెళ్ళి అడుగు. ఈ పేరు చెప్పడానికి ఇంకా మనిషి ఉంది.