పిప్పరమెంటు అంటిన పిస్తోలు

టెక్సస్, ఆగస్టు

రాండల్ అన్నయ్యకి, అందరం క్షేమమే, కంగారు పడకు.

నువ్విచ్చిన బుల్లి పిస్తోలు రోజూ నా ఏప్రన్ జేబులోనే ఉంటోంది. మంగళవారం మధ్యాహ్నం ఒక్కదాన్నే ఉండగా వెనక తలుపు చప్పుడైంది. "ఎవరది?" అని అరిచినా పలుకు లేదు. తలుపు తెరుచుకోగానే ట్రిగ్గర్ నొక్కేశాను. అది కదల్లేదు. ఎదురుగా అమ్మ, చేతిలో పీచ్ పండ్లు కూరి కాల్చిన తీపి రొట్టె! చెవి మిషను పెట్టుకోలేదట. పిస్తోలు వెనక్కి దాచేశాను. "అలా తెల్లబోయావేంటే, ఈసారి తీపి తగ్గించాన్లే!" అంది.

చర్చి పిల్లలకని అదే జేబులో వేసుకున్న పిప్పరమెంట్లు వేడికి కరిగి ట్రిగ్గర్ వెనక గడ్డకట్టాయి. "చవక పిస్తోలు, నమ్మితే అంతే" అంటాడు మా ఆయన కర్టిస్. "పిస్తోలు బంగారమమ్మా, ఆ జేబులో ఇంకేమీ వెయ్యకూడదంతే" అంటాడు తుపాకుల షాపాయన. దాన్ని తిట్టుకోవాలో, దానికి దణ్ణం పెట్టాలో నాకు తెలియట్లేదు. శుభ్రం చేయించి మళ్లీ జేబులో వేసుకోనా, వద్దా? వెంటనే రాయి. నీ మోకాలు ఎలా ఉంది? వదినని ఖాళీ జామ్ సీసాలు దాచమను.

అమ్మకి ఏమీ చెప్పలేదు. నీకు ఆశీస్సులు రాయమంది. "వాడిచ్చిన పిస్తోలు ఉందిగా, ఇక నీ గురించి నాకు బెంగ లేదు" అంటోంది.

నీ చెల్లి,
వెల్మా