దారపుండ కోట

మార్చి 11, బుధవారం ఉదయం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో చెబితే సగంలో పెట్టేస్తావు. మనం ఫోన్లో ఆడే కోటల ఆటలో రాస్తే మన దండులో నలభైమందీ చదువుతారు. కాగితానికైతే అడ్డుపడలేవు కదా.

శుక్రవారం ఓటింగు. ఆటలో కొత్తగా చేరినవాళ్ల కోటను పదిరోజులు ఎవరూ ముట్టుకోకూడదన్న మన నియమం యుద్ధం జరిగేటప్పుడు ఉండాలా, తీసెయ్యాలా అని. ఇరవైమంది అటు, ఇరవైమంది ఇటు. నాయకుడివి, నీ మాటే చివరిది.

నీ వాదన తీసిపారేసేది కాదు. అవతలి దండువాళ్లు పాత ఆటగాళ్లనే కొత్త పేర్లతో దింపి, ఆ కోటల్లో ధాన్యం దాస్తున్నారు. మొన్న మనం మట్టికరిచింది అందుకే. జాలిపడితే మునిగేది మనమే అన్నావు.

కానీ నేను చేసే పనేమిటో తెలుసు కదా. డ్రైవింగ్ స్కూల్లో పన్నెండేళ్లుగా పక్క సీట్లో కూర్చుని, కాలికింద రెండో బ్రేకు పెట్టుకుని జనానికి కారు నేర్పుతున్నాను. ఎల్ బోర్డు కనబడితే చాలు, వెనకవాళ్ల చెయ్యి హారన్ మీదికి పోతుంది. నిన్న ఒక నర్సమ్మ కూడలి మధ్యలో బండి ఆపేసి భోరున ఏడ్చింది. ఎల్ బోర్డు తగిలించుకుని దర్జాగా తిరిగే పాత డ్రైవర్లూ ఉంటారు, కాదనను. వాళ్లమీద కోపంతో బోర్డే పీకేస్తే ఆ నర్సమ్మ మళ్లీ బండెక్కదు.

దారపుండ అని ఒక కొత్త ఆటగాడు గుర్తున్నాడా? చేరిన నాలుగో రోజే కోట కాల్చేశావు. గోడలన్నీ కొలతపెట్టి కట్టుకున్నాడు పాపం. గుమ్మం మాత్రం సరిగ్గా నీ కోటకు ఎదురుగా పెట్టాడు. కొత్తవాడికి నాతో ఏం పని, వీడు గూఢచారే అని తేల్చేసి, నియమాన్ని పక్కనపెట్టి ఆ గుమ్మంలోంచే దూరావు. తప్పేం చేశానని అతను ఒక్క వాక్యం రాశాడు. నువ్వు జవాబివ్వలేదు. నేనూ ఇవ్వలేదు, అదే నన్ను తొలిచేస్తోంది.

నీమీద కోపం లేదని అబద్ధమాడను. ప్రేమ మాత్రం రవ్వంతైనా తగ్గలేదు. వేళకు తిను.

ఇట్లు,
నీ అక్క

తా.క.: దారపుండ ఎవరో నాకూ మొన్న ఆదివారమే తెలిసింది. నాన్న టైలరింగ్ షాపుకు వెళ్తే, కత్తెర పక్కన పెట్టిన ఫోన్లో దారపుండ పేరుతో మన ఆట కనబడింది. నువ్వు ఉద్యోగం మానేశావని ఆయన అరిచినప్పటినుంచి ఆరు నెలలుగా మీ ఇద్దరికీ మాటల్లేవు కదా. నువ్వు ఆటలోకి రాగానే నీ కోటమీద దీపం వెలుగుతుంది. అది కనబడాలని గుమ్మం అటు పెట్టుకున్నారట. వాడు నన్ను గుర్తుపట్టే కాల్చాడని ఆయన నమ్మకం. కాదని ఎంత చెప్పినా వినలేదు.

అయినా సోమవారం వేరే పేరుతో మళ్లీ చేరారు. ఈ వారం కొత్తగా వచ్చినవాళ్లు పదకొండుమంది. వాళ్లలో నాన్న ఎవరో నీకు చెప్పను.