తాళ్లు లేకుండా నిలబడ్డ ఏరియల్

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. తాళ్లు కట్టకుండా తనంతట తానే నిలబడే ఏరియల్ కావాలని గీసుకుంటూ ఉండేవాడివి కదా. దాన్ని నేనూ వదినా ఆళ్లగడ్డలో మన మిద్దె మీద నిలబెట్టాం. లావు అల్యూమినియం గొట్టంలో సన్నది దూర్చి, అడుగున చుట్టూ రాగితీగలు పరిచాం.

తెల్లవారుతుంటే నల్లమల నీలంగా తేలుతున్నట్టుంది. మొదట, రేడియో పంపిన శక్తిలో సగం వెనక్కే వస్తోందని మీటరు చూపింది. గొట్టాన్ని పడుకోబెట్టి, పై ముక్కను వేలెడు లోపలికి తోసి మళ్లీ ఎత్తాం.

"ఇప్పుడు చూడుమే, తగ్గుతాందా?" అంది వదిన.

తగ్గింది. ఏరియల్ గాలికి మెల్లగా ఊగుతోంది గానీ ఒరగలేదు.

నా కొత్త హామ్ రేడియో లైసెన్సుతో మొదటిసారి పిలిచాను. హోరులోంచి కొలంబో నుంచి ఒక ముసలి గొంతు పలికింది. ఊరు చెప్పగానే ఇంగ్లీషులో నీ గురించి అడిగాడు. నువ్వు లేవని చెప్పాను.

"ఇద్దరూ ఏం మాట్లాడుకునేటోళ్లో అడుగు," అంది వదిన.

అడిగాను. మన ఊళ్లో వాన పడిందో లేదో రోజూ చెప్పేవాడివట.

వదిన తలెత్తి ఆకాశంలో మబ్బుల కేసి చూసింది.

"ఈపొద్దు మోడం పట్టిందని చెప్పు," అంది.

నీ చెల్లెలు