మేకు కొట్టని ఇల్లు

నవంబరు 16, ఆదివారం
మీ ఇంట్లోనే, కిటికీ పక్క బల్ల దగ్గర

చిరంజీవి సౌభాగ్యవతి చిట్టితల్లికి,

మీ నాన్న నిండుగా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మీ అమ్మా, మీ ఆయనా ముగ్గురం కులాసా. నీ ఆరోగ్యం బాగుందనీ, హెడ్‌నర్సు శిక్షణ చక్కగా సాగుతోందనీ మీ అమ్మ చెప్పింది. నాతో కాదులే. నీ పెళ్లయినప్పటి నుంచీ, ఈ మూడేళ్లుగా నీ కబుర్లన్నీ ఆవిడ గోడకు చెబుతున్నట్టు చెబుతుంది, నేను పేపరు చదువుతున్నట్టు కూర్చుని వింటాను. కాబట్టి నాకు తెలియనివేమీ లేవు.

ఫోను చెయ్యొచ్చుగా అంటావేమో. ఫోనులో నువ్వు హలో అంటావు, నేను ఊఁ అంటాను, ఆ తర్వాత ఇద్దరం ఎదుటివాళ్లు మాట్లాడతారని చూస్తూ కూర్చుంటాం. ఉత్తరమైతే నా మాట పూర్తయ్యేదాకా నువ్వు అడ్డు తగలలేవు.

తేదీ కింద ఏం రాశానో చూశావుగా. కంగారు పడకు. నువ్వు ఊరెళ్లాక మీ ఆయన ఒకసారి వచ్చి ఇల్లు చూసి వెళ్లమన్నాడు, వచ్చాను. పిలిచినప్పుడు వెళ్లడం పెద్దవాళ్ల మర్యాద. అంతకు మించి ఏమీ లేదు.

వచ్చి చూద్దును కదా, ఏదీ ఉండాల్సినచోట లేదు. మిల్లులో స్టోర్‌కీపరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ బోల్టు ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని తీసిచ్చేవాణ్ణి. అలాంటివాడి కూతురింట్లో చక్కెర డబ్బా కోసం మంచం కింద దూరాల్సి వచ్చింది. గిన్నెలు పడగ్గదిలో, పుస్తకాలు వంటింట్లో, ఇంటికున్న ఒక్క కుర్చీ మీద ఫిడేలు. ఇంట్లో దిగి ఏడాది దాటినా అట్టపెట్టెలకు తాళ్లు కూడా విప్పలేదు. ఇదేమిటయ్యా అంటే మీ ఆయన నసిగాడు. ఇంటావిడ గోడకు మేకు కొట్టనివ్వదట, ఎప్పుడు ఖాళీ చెయ్యమంటుందో తెలియదట, అద్దె ఇంటికి హంగులెందుకని నువ్వే అన్నావట.

ఆ మాట నాకు నచ్చలేదు. ఇల్లు అద్దెదైతే కావచ్చు. అందులో మీరు గడిపే రోజులు కూడా అద్దెవా? నీకు ఏ వస్తువు ఎక్కడ పెట్టాలో నేర్పింది నేను. చిన్నప్పుడు నీ రంగు పెన్సిళ్లు పొడుగు వరసలో పెట్టుకునేదానివి. ఆ పిల్ల ఇల్లు ఇలా ఉండకూడదు. సరే, రేపు సుత్తి తెస్తాను, ఇంటావిడ సంగతి నేను చూసుకుంటానన్నాను. మీ ఆయన వద్దు వద్దు అంటూనే ఉన్నాడు. వినే మనిషినా నేను?

మర్నాడు హాల్లో మొదటి మేకు పెట్టి ఒకే ఒక్క దెబ్బ కొట్టాను. మేకు దిగలేదు. గోడ దిగింది. కంచమంత పెచ్చు ఊడి నా కాళ్ల దగ్గర పడింది. ఇంటావిడ ఉండేది సరిగ్గా కింది వాటాలోనేనని నాకేం తెలుసు? రెండు నిమిషాల్లో గుమ్మంలో ఉంది. ఆవిడ మనిషి సన్నం, గొంతు మాత్రం మిల్లు సైరను. ఎవరు కొట్టారని అడిగింది. సుత్తి నా చేతిలో ఉందో, బల్ల మీద ఉందో ఇప్పటికీ గుర్తులేదు. నేను నోరు తెరిచేలోపే మీ ఆయన ముందుకొచ్చి, "నేనేనండీ. ఆయన వద్దంటూనే ఉన్నారు" అన్నాడు.

నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యమని చెప్పి ఆవిడ దిగిపోయింది.

చిట్టితల్లీ, నీకొక మాట చెప్పాలి. మూడేళ్ల పాటు నేను అతన్ని ఆ ఫిడేలు అనే అన్నాను. తీగలు గోకి ఏ సంసారం ఈదుతాడని అడిగాను. ఆ మాటలన్నీ అతనికి చేరే ఉంటాయి. అయినా నా తప్పు తన నెత్తిన వేసుకుని, చీపురు తెచ్చి సున్నం ముక్కలు ఊడ్చుకుంటున్నాడు. ఎందుకలా చెప్పావని గట్టిగానే అడిగాను. పెద్దవాళ్లు మాట పడితే చూడలేనన్నాడు. నాకు కోపం వచ్చింది. ఎవరిమీదో మాత్రం తెలియలేదు.

ఆ రాత్రి అన్నం సయించలేదు. మీ అమ్మ ఏమైందని అడగలేదు, అది ఆవిడ గొప్పతనం. పొద్దున్నే సిమెంటూ తాపీ పట్టుకెళ్లి ఇంటావిడ తలుపు కొట్టాను. అమ్మా, పెచ్చు ఊడగొట్టింది నేను, అబ్బాయి కాదు, గోడ నేనే పూడ్చి రంగు కూడా వేసిస్తాను, వాళ్లను పంపించవద్దు అని చెప్పాను. ఒకరి ముందు అలా నిలబడి ఎన్నాళ్లయిందో. ఆవిడ నవ్వదు, తిట్టదు. చివరికి, "అతను కొట్టలేదని నాకు అప్పుడే తెలుసు. సుత్తి ఎటు పట్టుకోవాలో కూడా ఎరగడు ఆ అబ్బాయి" అంది. మరి ఖాళీ చెయ్యమన్నారెందుకంటే, నిజం ఎవరు చెబుతారో చూద్దామని అంది. నాకు పరీక్ష పెట్టి పాస్ చేసిన ఆడది మీ అమ్మ తర్వాత ఈవిడే.

షరతు మాత్రం అలాగే ఉంది. ఒక్క మేకు కూడా కొట్టకూడదు. నేను కొట్టనన్నాను. కొట్టకుండానే ఇల్లు నిలబెడతానని కూడా అన్నాను. అన్నాక చెయ్యాలి కదా.

పళ్ల కొట్టువాడు పారేసే చెక్కపెట్టెలు అడిగి తెచ్చాం. గరుకు కాయితంతో రుద్ది, రంగు వేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి వెనక నుంచి తీగతో బిగించాను. బరువైన పుస్తకాలు కింద, తేలికవి పైన. గోడకు ఆనుతుందే కానీ గోడకు చిల్లు పెట్టదు. వంటింట్లోనూ అలాంటిదే ఒకటి, నీ సీసాలన్నీ అందులోనే ఉన్నాయి. రోజూ కావలసినవి నీ కంటి ఎత్తులో, వారానికోసారి వాడేవి కింద. నీ కళ్లు ఎంత ఎత్తుకొస్తాయో మీ ఆయన్ని అడిగితే, తన గడ్డం దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. కొలబద్ద అక్కర్లేకపోయింది.

మంచం నాలుగు కోళ్ల కిందా చెక్క దిమ్మలు పెట్టి ఎత్తు పెంచాను. కింద అట్టపెట్టెలు చక్రాల పలకల మీద ఉన్నాయి, వేలితో లాగితే వస్తాయి. బట్టల బీరువా తలుపు లోపలి వైపు మీ అమ్మ పాత దుప్పటితో జేబుల పరదా కుట్టి వేలాడదీసింది. నీ సాక్సులకో జేబు, పిన్నులకో జేబు, మందులకో జేబు. ఎన్ని కుట్టినా ఇంకోటి ఉంటే బాగుండునంటుంది. ఆవిడ కుట్టుమిషను తెచ్చుకుని ఇక్కడే మకాం. మా ఇంట్లో పొయ్యి వెలిగి వారమైంది.

రెండు గోడల మధ్య బిగుసుకుని నిలిచే స్ప్రింగు కడ్డీ ఒకటి దొరుకుతుందట, నాకే తెలియదు. అది మీ ఆయన కనిపెట్టాడు. దానికి తెర వేస్తే హాలు రెండు గదులైంది. ఒకవైపు మీ ఆయన చెప్పే ఫిడేలు పాఠాలు, ఒకవైపు మీ భోజనం బల్ల. పాఠానికొచ్చే పిల్లలు ఇన్నాళ్లూ నేలమీద కూర్చునేవాళ్లట. వాళ్లకు మూతలున్న పెట్టెలు చేశాను. పైన దిండు వేస్తే పీట, మూత తీస్తే సంగీతం పుస్తకాలు. ఒక పిల్ల దానిమీద కూర్చుని, తాతగారూ ఇది కిర్రుమంటోంది, శ్రుతి చెయ్యండి అంది. చేశాను.

మీ నిలువుటద్దం దగ్గర మాత్రం నాకూ మీ ఆయనకూ పేచీ వచ్చింది. అంత పెద్ద అద్దం తలుపు పక్కన ఉండాలని నేను. కిటికీకి ఎదురుగా పెట్టాలని అతను. వెలుతురు సంగతి నాకు చెప్పొద్దు, స్టోరులో జీవితమంతా గడిపానన్నాను. అతను వాదించలేదు, నేను టీకి వెళ్లినప్పుడు తీసి తను అనుకున్నచోట ఆనించాడు. తిరిగొచ్చేసరికి హాలంతా ఎండ. నేను ఇంకో ఇంట్లోకి వచ్చాననుకున్నాను. అద్దం అక్కడే ఉంది. ఇక్కడ కూర్చుని రాస్తుంటే కాయితం మీద దీపం అవసరం లేకుండా ఉంది. అల్లుడికి ఈ విషయంలో నాకంటే బుర్ర ఉంది. ఈ ముక్క అతనికి చదివి వినిపించకు.

ఇక నీ గది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకునేదానివి, చిన్నప్పటినుంచీ గదిలో చిటికెడు వెలుగున్నా నిద్రపోవు. మీ అమ్మ ముదురు నీలం గుడ్డకు లోపల ఇంకో పొర వేసి కుట్టింది. తెర లాగితే మధ్యాహ్నం కూడా అర్ధరాత్రే. పాఠాల చప్పుడు రాకుండా తలుపు వెనక పాత బొంత వేలాడదీశాను, తలుపు పైఅంచుకు తగిలించే కొక్కేలతో.

చప్పుడు ఆగుతుందో లేదో చూడాలి కదా. తలుపు వేసుకుని నీ మంచం మీద పడుకుని, హాల్లోంచి గట్టిగా వాయించమన్నాను. అతను వాయించాడు. బొంత దాటి చాలా సన్నగా వచ్చింది, పక్క వీధిలో ఎవరో వాయిస్తున్నట్టు. నిద్ర చెడదు. పరీక్ష అయిపోయింది, లేచి రావాలి. రాలేదు. అతని వాయిద్యం నేను వినడం అదే మొదటిసారి, తల్లీ. మూడేళ్ల నుంచి వినకుండానే తీర్పులు చెబుతున్నాను. అతనూ ఆపలేదు. ఒకటి అయ్యాక ఇంకోటి. నేను నిద్రపోయాననుకుని మీ అమ్మ నెమ్మదిగా తలుపు తీసి, నా మొహం చూసి, మళ్లీ మూసేసింది.

నిన్న ఇంటావిడ పైకొచ్చింది. గోడలన్నీ చేత్తో తడిమి చూసింది. పెచ్చు ఊడినచోటు ఏదో తనే చెప్పలేకపోయింది. పీటపెట్టె మూత తీసి వేసి, తీసి వేసి, తన సామాన్ల గది కూడా ఒకసారి చూడమని నన్ను అడిగింది. వీళ్ల ఒప్పందం ఇంకో రెండేళ్లకు రాయిస్తే చూస్తానన్నాను. రాయిస్తానంది. అంచేత ఖాళీ చెయ్యాల్సి వస్తుందన్న బెంగ పెట్టుకోకు. ఒకవేళ ఎప్పుడైనా వెళ్లాల్సి వచ్చినా, తీగలు విప్పితే ఇల్లంతా ఒక వ్యానులో పడుతుంది. గోడలు మాత్రం ఆవిడవి ఆవిడకే.

నువ్వొచ్చాక నచ్చనివి మార్చుకో. ఇల్లు నీది. గరిటెల వరస మాత్రం మార్చకు, దానికి చాలా ఆలోచించాను.

వేళకు తిను. నీళ్లు తాగు. పరీక్ష బాగా రాయి, నా కూతురివి, రాస్తావు. మీ అమ్మ పక్కన కూర్చుని ఏం రాస్తున్నావని తొంగిచూస్తోంది. చెప్పను.

ఆశీర్వాదాలతో,
మీ నాన్న

తా.క. అల్లుడు నన్ను పిలవలేదు. నువ్వు బయల్దేరిన రోజు పొద్దున నేను బస్టాండులో ఉన్నాను, పేపర్ల కొట్టు వెనక. నువ్వు బస్సెక్కబోతూ ఆగి జనంలోకి చూశావు. ఎవరి కోసమో నాకు తెలియదు. నాకోసమేననిపించింది, అయినా కొట్టు చాటుకు ఇంకాస్త జరిగాను. బస్సు వెళ్లిపోయాక అతను నడుచుకుంటూ ఇంటికి బయల్దేరితే వెనకాలే వచ్చాను. మీ వీధిలో చాలాసేపు తచ్చాడి, చివరికి తలుపు తట్టాను. నన్ను చూసి ఎందుకొచ్చారని అడగలేదు. లోపలికి రండి మామయ్యగారూ, మంచినీళ్లు తెస్తానన్నాడు. తనే పిలిచినట్టు రాయమని చెప్పింది కూడా అతనే. నా పెద్దరికం పోకూడదట. ఇప్పటికే నాకోసం ఒక అబద్ధం ఆడాడు, ఇంకోటి ఆడించబుద్ధి కాలేదు. నువ్వు ఏ బస్సుకు వస్తున్నావో రాయి. మీ అమ్మకు కాదు, నాకు.