పడమటి గోడ వారన శని

జూన్ 2, సోమవారం
తెలియనివాళ్ళకి తెలియజెప్పాలన్న కోరిక, వాళ్ళంటే చిన్నచూపు లేకుండా పుడుతుందా? కాలేజీలో పాఠాలు చెప్పిన రోజుల నుంచీ మోస్తున్న ప్రశ్న. జవాబు లేదు. ఈలోగా పార్కులు డిజైను చేస్తూ అదే పని చేస్తున్నాను.

గాజువాక అంతరిక్ష పార్కు... పిల్లలు ఆడుతూ నేర్చుకోవాలట. కార్పొరేషన్ ఇంజినీరు అప్పలరాజు గారు నా డ్రాయింగు తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశారు. "రాకెట్టేది మేడమ్? రాకెట్ లేపోతే పిల్లలొస్తారేటి?" ఆయనకి అంతరిక్షమంటే లైటింగు. ఫైల్లో పేజీకోసారి 'పర్యావరణహితం' అని ఉంది. ప్రహరీ కోసం రెండు వేపచెట్లు కొట్టేశారు.

జూన్ 5
గేటు పక్కన ఫైబరు రాకెట్‌కి ఒప్పుకున్నాను. బదులుగా గ్రహాల దారి నాకు వదిలేశారు. సూర్యుడి నుంచి భూమికి పది అంగలు. శనికి తొంభై అయిదు. నెప్ట్యూన్‌కి మూడు వందలు. దూరం కాళ్ళకి తెలియాలి, అంతే.
బేరమే. సిగ్గుగానే ఉంది.

జూన్ 14, శనివారం
శని నిలబడ్డాడు. ఆటోనగర్ తుక్కు ఇనుముతో చేయించాను. రంగు వద్దన్నాను, నల్లగానే ఉండనీ. క్రేను ఇవాళే దొరికింది. దారి వంపు తిరిగేచోట, పడమటి గోడ వారన, వానగుంత పక్కన — పార్కులో పడ్డ వానంతా ఇంకాల్సింది ఆ గుంతలోనే. ఈ మొత్తంలో బాగున్నది ఈ మూల ఒక్కటే.

జూన్ 17
రాకెట్ నిన్న దిగింది, ఇవాళే ఒక స్కూలు దిగింది. టీచరు పిల్లల్ని దాని ముందు వరసగా నిలబెట్టి ఫొటో తీసి, "అందరూ స్పేస్ చూశారు కదా?" అంది. "చూశాం మిస్స్..." బస్సెక్కారు. సూర్యుడి దాకా కూడా రాలేదు.

జూన్ 21, శనివారం
పొద్దున్నే వాచ్‌మన్ సింహాచలం ఫోను.
"మేడమ్, తవరెట్టిన శనికి నూని పోసీసినారు."
"ఎవరు?"
"కాలనీ ఆడోళ్ళు. నల్లగుడ్డ కూడా కట్టీసినారు. నానొద్దనే అన్నాను... మరి నాకూ ఏలినాటి శనే కదా మేడమ్."
నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. పక్కనే నా బోర్డు ఉంది — వలయాలు దేంతో తయారయ్యాయి, సూర్యుణ్ణి చుట్టి రావడానికి ఎన్నేళ్ళు. నూనె సీసాలు పెట్టుకోవడానికి పనికొచ్చిందట.

జూన్ 23
అప్పలరాజు గారికి ఇంతకంటే ఆనందమైన రోజు ఉండదు. వేళ్ళు మడిచి మరీ చెప్పారు. "ఇనుము. నలుపు. పడమర దిక్కు. పెట్టింది శనివారం. ఏ పంతులుగారూ ఇంత పకడ్బందీగా ప్రతిష్ఠ సెయ్యలేడు మేడమ్!"

నాకు తెలియదు. మా ఇంట్లో పంచాంగం ఉండేది కాదు, చర్చి క్యాలెండరు ఉండేది. కానీ ఈ డ్రాయింగు పదిమంది చూశారే, ఒక్కరూ ఆ మాట అనలేదేం? తెలిసీ ఊరుకున్నారా? నాకు తెలిసే పెట్టాననుకున్నారా?

అమ్మకి చెప్తే — "ఆదివారం చర్చికి రమ్మంటే ఒళ్ళు నొప్పులు. శనివారం మాత్రం శనికి గుడి కట్టొచ్చావా గ్రేసీ?"

జూన్ 28, శనివారం
ఆరింటికే వెళ్ళాను. తిట్టాలనే.
నూనె పోయడానికొచ్చిన వాళ్ళలో ముందున్నావిడ పేరు నూకరత్నం. మెయిన్ రోడ్డు మీద ఇడ్లీ బండి. సూర్యుడి దగ్గర దణ్ణం పెట్టుకుని, నూనె గిన్నెతో నడక మొదలెట్టింది. నేనూ వెనకే.
"ఇక్కడ్నించే నడవాలా?"
"మరి? తండ్రి కాడ్నించి కొడుకు కాడికి. ఎంత దూరవెట్టీసినారో సూడు. అందికే ఆయన నడక నెమ్మది. ముప్పయ్యేళ్ళకి గాని ఒకపాలి సుట్టిరాడు. ఏటమ్మా, సదువుకున్నదానిలాగున్నావు, తెల్దేటి?"
తెలుసు. బోర్డు మీద రాసింది నేనే. ఆవిడకి చదవడం రాదు.

కొడుక్కి అచ్యుతాపురం కంపెనీలో పని పోయి రెండు నెలలట. గుడికి వెళ్ళొచ్చుగా అన్నాను. "గుళ్ళో తొమ్మిదిమందిలో ఇరుక్కుని ఉంతాడు. ఇక్కడైతే ఆయన సోటు ఆయనకుంది."
నా డిజైను గురించి ఇంత సరైన మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు. కోపం వచ్చింది... ఎవరి మీదో తెలియలేదు. తిట్టకుండానే వచ్చేశాను.

జూలై 1
నిన్న మధ్యాహ్నం వాన. గుంతలో నీళ్ళు ఇంకలేదు. పైన నూనె తెట్టు, నువ్వులు, నల్ల పీలికలు. అంచున నాటిన వట్టివేరు మాడిపోయింది. తెట్టులో ఒక కప్ప, వెల్లకిలా. శనిని ఎక్కడికి జరిపినా లాభం లేదు, పార్కు పల్లమంతా ఇటే.
ఇప్పుడు రండి, భక్తి గురించి నాతో మాట్లాడండి ఎవరైనా.

జూలై 2
ఇడ్లీ బండి దగ్గరికే వెళ్ళాను. కింద పళ్ళెం పెట్టుకోండి, నూనె నేల మీద పడకుండా... అన్నాను. చాలా తెలివైన ఉపాయం అనుకున్నాను.
నూకరత్నం గరిటె ఆపింది. "పళ్ళెంలో పడిందాన్ని ఏటి సెయ్యమంటావు? ఇంటికట్టుకెళ్ళి దీపవెట్టుకోమంటావా? శని మీద పోసింది మళ్ళా ముట్టుకుంతారేటమ్మా ఎవులైనా!"
ఆటోవాళ్ళు ఇడ్లీ పొలమారేలా నవ్వారు.

జూలై 4
అప్పలరాజు గారు పిలిపించారు. "కార్పొరేటర్ గారు శనికి షెడ్డేయిద్దామంటన్నారు. తీసెయ్యాలన్నా తీసేద్దాం. ఏదైనా డిజైనర్ గారి సలహా మీద సేసినట్టుండాల. సోమవారానికి రాసిచ్చీండి." తర్వాత గొంతు తగ్గించి — "తీసెయ్యమని రాస్తే... మీరు చర్చి వాళ్ళని ఓ మాటొస్తాది మేడమ్. ముందే సెప్తన్నాను."

వానగుంత మీద రెండు పేజీల నోట్ తీసుకెళ్ళాను. కరెంటు పోయింది. దాన్ని మడిచి విసురుకున్నారు.

నేను చర్చి గుమ్మం ఎక్కేది పెళ్ళిళ్ళకి, చావులకి. అయినా ఇంకని నీళ్ళు ఎవరికీ కనబడవు. నా పేరు మాత్రం అందరికీ కనబడుతుంది.

జూలై 5, శనివారం
వెళ్ళలేదు. సింహాచలమే ఫోను చేశాడు. "లైను గేటు దాకా ఉంది మేడమ్. పిల్లకాయలు సూరీడు కాడ్నించి అంగలెక్కెట్టుకుంతా వొత్తన్నారు."
"ఎన్ని వచ్చాయి?" నోరు జారి అడిగేశాను.
"ఒకడికి నూటిరవై, ఒకడికి నూటయాభై. నీది తప్పంటే నీది తప్పని కొట్టుకుంతన్నారు."

జూలై 6, ఆదివారం
అమ్మకి మోకాళ్ళ నొప్పి, తోడు వెళ్ళక తప్పలేదు. ఎవరైనా చూస్తారేమోనని చివరి వరసలో కూర్చున్నాను. ఈ వారమే రావాల్సి వచ్చిందా! పాటలు పాడుతున్నంతసేపూ గేటు వైపే చూశాను. నా మీద నాకే అసహ్యం.

జూలై 7, సోమవారం
పదింటికి ఆఫీసులో ఇవ్వాలి. రెండు ఉత్తరాలు రాశాను.

ఒకటి: నీళ్ళు ఇంకాలంటే శనిని తీసేయాలి. ప్రతి మాటా నిజమే. కానీ నీళ్ళ కోసమే రాశానా, నా బోర్డు మీద సీసాలు పెట్టినందుకా?
రెండోది: ఉంచండి, జనం ఆ దారిని నడుస్తున్నారు. అదీ నిజమే. కానీ నూకరత్నం మీద గౌరవంతో రాశానా, అప్పలరాజు గారు ముందే చెప్పిన ఆ ఒక్క మాట పడలేకనా?

ఎవరినీ తక్కువగా చూడకుండా ఒక్క వాక్యం రాద్దామని పొద్దుటి నుంచీ కూర్చున్నాను. రాలేదు. నీళ్ళని వదులుకోలేను. ఆ నడకనీ వదులుకోలేను. తొమ్మిదిన్నర అయింది, రెండు కాగితాల మీదా సంతకం ఉంది — శనిని తీయించాలో ఉంచాలో నాకు తెలియదు.