నేను కోయని రెండు పిన్నులు

జూలై 7, సోమవారం

ఈ రోజు మేడం, విమానాలు బాగుచేసే మా హ్యాంగర్లోని హెల్పర్లందరినీ చీకటి గదిలోకి పిలిచింది. తనిఖీ అంతా ఆమెదే. "కబుర్లు ఆపండి. ముఖ్యంగా ఓబులేసు గారూ, మీరు" అని నా వైపు చూసింది.

ఎర్ర చీటీ కట్టిన పిన్ను ఒకటి బల్ల మీద పెట్టింది. జానెడు పొడవు, మణికట్టంత లావు. విమానం తోక మీది అడ్డరెక్క మొత్తం ఇలాంటి రెండు పిన్నుల మీదే ఊగుతుంది. అరుగుదల లేదు, గీత లేదు, పెళ్లికొడుకులా మెరుస్తోంది. ఏదో మందు పూసి, తుడిచి, ఊదా రంగు దీపం వేసింది.

వెంట్రుకంత పగులు. పచ్చగా వెలుగుతూ, పిన్ను నడుము చుట్టూ సగం దాకా.

"ఇన్నిసార్లు ఎగిరి దిగాక తీసేయాలని లెక్క ఎందుకు పెట్టారో చూశారా? కంటికి కనపడేదాకా ఆగితే, అప్పటికి విమానం గాల్లో ఉంటుంది."

ఎవరో నవ్వారు... నేను కాదు.

జూలై 8

అన్నం సయించలేదు. క్యాంటీన్లో ఎవరి టీలోనూ ఉప్పు కలపలేదు. "ఒంట్లో బాగలేదా అన్నా?" — అందరిదీ ఇదే మాట.

జూలై 10, గురువారం

రాసేస్తాను. ఇంకెవరికి చెప్పుకోను?

నా పని కోయడం. ఆయుష్షు తీరిన భాగం ఏదైనా సరే, దాని మీద చెక్కిన నంబరు మీదుగా రెండు ముక్కలు చేయాలి. ఫోటో తీయాలి. రిజిస్టర్లో సంతకం పెట్టాలి. మళ్లీ ఎవడూ దాన్ని విమానానికి ఎక్కించకుండా.

ఉగాదికి ముందు, మేడం చూపించినలాంటివే, ఒక జత పిన్నులు వచ్చాయి. చేతిలోకి తీసుకుంటే కోయబుద్ధి కాలేదు. మా ఇంట్లో వంకరపోయిన మేకును కూడా పారేసినవాళ్లం కాదు. నాయన దాన్ని రాతి మీద సాగగొట్టి మళ్లీ వాడేవాడు. ఇంత మంచి ఉక్కును రెండు ముక్కలు చేయాలా... అంతకు ముందు కోసిన వేరే పిన్నుల ముక్కలను నంబరు కనపడకుండా తిప్పిపెట్టి ఫోటో తీశాను. సంతకం గీకాను. మేడం చూసి తనూ గీకింది. పెద్ద చదువుల కళ్లకు తొమ్మిదో తరగతివాడు గంతలు కట్టాడని ఆ పూటంతా లోపల్లోపల నవ్వుకున్నాను.

రెండు పిన్నులూ టిఫిన్ సంచిలో ఊరు చేరాయి. బావమరిది నాగరాజు చేతిలో పెట్టి — "నీ ట్రాక్టరు ట్రాలీకి ఏసుకోరా. ఎగిరితే నన్నడగొద్దు."

ఆ ట్రాలీలోనే ఊరి ఆడవాళ్లు కూలికి పోతారు. ఒక్కో రోజు ఇరవై మంది.

జూలై 13, ఆదివారం. ఊళ్లో

వాన లేదు. వేరుశనగ వేసినవాళ్లూ ఆకాశమే చూస్తున్నారు, వేయనివాళ్లూ ఆకాశమే చూస్తున్నారు.

బస్సు దిగి నేరుగా నాగరాజు ఇంటికి. ట్రాలీ కిందికి దూరి పిన్ను లాగుతున్నాను.

"ఏం బావా, ఇచ్చిన సొమ్ము ఎనక్కి తీసుకుంటాండావు? మా అక్కను గూడా ఎనక్కి పంపుతావా ఏంది?"

"మీ అక్కే నన్ను పంపేట్టుండాదిలేరా."

నోరు అలవాటు కొద్దీ ఆడింది. పిన్ను ఊడింది. గ్రీజు తుడిచి చూశాను. ఏమీ లేదు. నునుపు. ఏమీ కనపడకపోవడమే ఇప్పుడు భయం.

"రెండోది యాడ?"

"అదా? ట్రాలీకి ఒగటి చాలు గదా. పోయిన నెల కళ్యాణదుర్గంలో పాత సామాన్ల శెట్టికి ఏసినా."

ఊడదీసిన పిన్నును గుడ్డలో చుట్టి సంచిలో వేసుకున్నాను.

జూలై 14, సోమవారం

సెలవు చెప్పాను. పొద్దున్నే కళ్యాణదుర్గం. ముందు వెల్డింగ్ షాపులో ఈ పిన్నును కోయించాను, సరిగ్గా నంబరు మీదుగా. మూడు కటింగ్ చక్రాలు అరిగిపోయాయి. "ఏం ఉక్కప్పా ఇది" అని వెల్డింగ్ అతను నొసలు తుడుచుకున్నాడు. నాలుగు నెలల కింద నేను చేయాల్సిన పని.

అక్కడి నుంచి శెట్టి అంగడికి.

"ఏమప్పా ఓబులేసూ, ఈసారి ఏం తమాసా?" పోయినేడు అతని తక్కెడ కింద నేను బంకమట్టి అంటించింది ఇంకా మరవలేదు.

పిన్ను సంగతి అడిగాను.

"ఓ, అదా! ఒగాయప్ప కార్లో వచ్చినాడు. ఇంత ఇనుముంటే అంతా ఇడ్సిపెట్టి అదొక్కటే ఎత్తుకున్న్యాడు. కిరసనాయిలుతో తుడిసి నంబరు చూసినాడు. ఫోన్లో ఫోటో తీసినాడు. పాత ఇనుముకు నంబరెందుకప్పా అంటే నవ్వినాడు."

"యాడోడు?"

"మనోడు గాదు. హిందీ కలిపి మాట్లాడతాండె. ఏం, దొంగ సొమ్మా అది?"

ఇనుము కొనేవాడు తూకం చూస్తాడు. నంబరు చూసి కొనేవాడు ఎవడు? దానికి దొంగ కాగితం పుట్టించేవాడు. కొత్త చీటీ, కొత్త పెట్టె... మళ్లీ ఏదో ఒక తోకలోకి.

జూలై 15

హ్యాంగర్. మేడం గది దాకా రెండుసార్లు పోయి, నీళ్లు తాగి వెనక్కి వచ్చాను. ఉద్యోగం పోతుందన్న భయం కాదు అని రాయాలనుంది. అదే భయం.

జూలై 16, బుధవారం

చెప్పేశాను.

నవ్వింది! "మేనేజరు గారి కుర్చీకి 'ఆయుష్షు తీరింది, వాడరాదు' అని ఎర్ర చీటీ కట్టింది మీరే కదా? ఈసారి బకరా నేనా?"

"ఒట్టు మేడం."

"మీ ఒట్లు చాలా చూశాను. వెళ్లి పని చూసుకోండి."

ఎన్నేళ్లుగానో అందర్నీ నవ్వించినవాణ్ణి. నిజం చెప్పినా నవ్వే వస్తోంది. సంచిలోంచి కోసిన రెండు ముక్కలు తీసి బల్ల మీద పెట్టాను. సగం నంబరు ఒకదాని మీద, సగం రెండోదాని మీద. ఆమె ముక్కల్ని కలిపి పట్టుకుంది. రిజిస్టరు తెరిచి, వేలితో ఒక్కో వరుసా దిగింది. వేలు ఆగింది.

"ఇది కోసి నాలుగు నెలలైనట్టు ఉంది."

ముక్కలను బల్ల మీద దించింది.

"కింద నా సంతకం కూడా ఉంది, ఓబులేసు గారూ."

తిట్టి ఉంటే బాగుండేది.

"రెండోది ఎక్కడ?" శెట్టి, కారు, కిరసనాయిలు — అంతా చెప్పాను. ఫోను అందుకుంటూ, "బయట కూర్చోండి. ఎక్కడికీ వెళ్లకండి."

సాయంత్రానికి ఆ నంబరు అన్ని హ్యాంగర్లకూ పోయింది. ఈ పిన్ను కనపడితే ఎక్కించవద్దు, ఎక్కించి ఉంటే ఆ విమానాన్ని ఎగరనివ్వవద్దు. నా పాసు గేటు దగ్గర తీసేసుకున్నారు.

జూలై 19, శనివారం

ఊళ్లో, ఇంట్లోనే. పోలీసులు శెట్టి అంగడికి పోయి వచ్చారు, నాగరాజునూ అడిగారు. నాగరాజు నాతో మాట్లాడడం లేదు.

సావిత్రికి మొత్తం చెప్పాను. పెళ్లైనప్పటి నుంచి ఆమెకు ఇంత వరసగా, ఎగతాళి కలపకుండా చెప్పింది ఇదే మొదలేమో.

"ఇమానంలో ఎంతమంది పడతారు?"

"నూట ఎనభై దాకా."

"మన వీధి, ఆ పక్క వీధి... అంతమందా." లేచి పోయి బర్రెకు నీళ్లు పెట్టింది. బర్రె తాగి అరగంట కూడా కాలేదు.

జూలై 21

మేడంకు ఫోను చేశాను. "ఏడు చోట్ల నుంచి జవాబు వచ్చింది. మా దగ్గర లేదు అని. మిగతావాళ్లు ఇంకా చూస్తున్నారు. మీరు చేయకండి, నేనే చేస్తాను." గొంతులో నిద్ర లేదు.

జూలై 23, బుధవారం

పొద్దున శెట్టి ఫోను. గుసగుసగా —

"ఓబులేసూ, ఆ కారు ఆయప్ప మళ్లా వచ్చినాడు. అంగట్లోనే కూచోనుండాడు. దానికి జత ఉంటాదంట గదా, అది గావల్లంట. పోలీసాయన ఇచ్చిన నంబరుకు చేస్తే ఎత్తల్యా. ఏం చెప్పల్ల?"

అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాను.

"ఉండాదని చెప్పు. ఓబులేసు తెస్తాండాడని చెప్పు. టీ తాపు, బోండాలు తెప్పించు. నీ తక్కెడకు నేను బంకమట్టి పెట్టిన కత చెప్పు, ఇంకా చాలకుంటే నువ్వే పుట్టించు. ఆయప్పను కదలనీయొద్దు శెట్టీ, నీ కాళ్లు పట్టుకుంటా."

"తమాసా కాదు గదప్పా?"

"కాదు."

మేడంకు చెప్పాను. పోలీసులతో తను మాట్లాడతానంది. "మీరు వాడికి ఎదురు పోకండి, కనపడేంత దూరంలో ఉండండి."

బస్సులో రాస్తున్నాను, అక్షరాలు గంతులేస్తున్నాయి. ఒళ్లో సంచి. సంచిలో నాగలి కర్రు ఒకటి, గుడ్డలో చుట్టి. చూసేవాడికి పిన్నులాగే బరువుగా కనపడాలి కదా.

జత కావాలంటున్నాడు. అంటే ఏంటి? మొదటిది అమ్ముడుపోలేదా, ఒంటిది ఎవరికీ వద్దన్నారా? అయితే అది ఇంకా వాడి దగ్గరే, ఆ కారులోనే ఉండాలి. లేకపోతే... ఒక వైపు ఎక్కించేసి, రెండో వైపుకు అడుగుతున్నారా?

ముందు అది అడగాలి వాణ్ణి. పోలీసుల కంటే ముందు, ఎవరికంటే ముందు.

శెట్టి మళ్లీ ఫోను చేస్తున్నాడు. ఎత్తుతాను —